జీవమ్మ మిట్ట మీద నిమ్మకాయలు

జీవమ్మకు అన్యాయం జరిగింది 2024 నవంబర్ నెలలో. అప్పటికి ఆమె చనిపోయి ఏడాదిన్నర.

బతికున్న ఆడదానికి అన్యాయం చేయడం మన ఊళ్లలో కొత్త కాదు. పోయినామెను కూడా వదలకుండా దెయ్యాన్ని చేసి మిట్ట మీద కూర్చోబెట్టడానికి మాత్రం కాస్త తెలివి కావాలి. ఆ తెలివి మా తమ్ముడు మారెన్నది. సొంత తమ్ముడు కాబట్టి వాణ్ణి తిట్టే హక్కు నాకుంది. ఈ కథలో ఆ హక్కును పూర్తిగా వాడుకుంటాను.

ఆళ్లగడ్డ నుంచి అహోబిలం పోయే దారిలో, ఊరి దీపాలు వెనకబడ్డాక ఒక కల్వర్టు వస్తుంది. అది దాటగానే మిట్ట. నిట్టనిలువుది కాదు గానీ, బరువేసుకున్న బండికి ఊపిరాడనివ్వదు. మిట్ట సగంలో ఎడమ పక్కన ఒక రేకుల బంకు. ముందర ఒక రాతి బల్ల.

అది జీవమ్మ టీ బంకు. ఇరవై ఏళ్లు ఆమె అక్కడే టీ పోసింది. ఆమెకు ఒక్కటే చట్టం. ఇంజన్ ఆర్పకుండా దిగినవాడికి టీ లేదు. “తాళం తీసి రా నాయనా. నీ పొగంతా నా పాలల్లో పడుతాంది,” అనేది. కట్టెల ట్రాక్టరైనా, ఆఫీసర్ల కారైనా అదే మాట.

ఒక రాత్రి ప్రార్థన చేసుకొని పడుకుంది, పొద్దున లేవలేదు. కేక లేదు, మూలుగు లేదు. అంత నెమ్మదిగా పోయిన మనిషి దెయ్యమయ్యిందంటే, నోరు పారేసుకుంటూ బతికే నాలాంటిదాని సంగతేంటి? పదూళ్లు ఖాళీ చేయించాలి నేను.

అయినా ఆ చలికాలానికి అది జీవమ్మ మిట్ట అయిపోయింది. చీకటి పడితే ఆడ ఆగొద్దు… ఆగకపోతే ఆమే ఆపుతాది… అని బస్టాండులో గుసగుసలు.

మొదట ఆగింది మారెన్న పికప్.

ఆ పికప్ వయసు మారెన్న సంసారం వయసు కన్నా ఎక్కువ, రెండూ మొరాయిస్తూనే నడిచాయి. ఆళ్లగడ్డలో చెక్కిన రాతి విగ్రహాలను ఊళ్లకు చేర్చడం వాడి పని. బరువులు మోసి మోసి పాత ఇంజన్ చేతులెత్తేసింది. దాంతో మే నెలలో బండిని నంద్యాలకు తోలుకుపోయి హర్ష అనే పిల్లోడి షెడ్డులో పెట్టాడు.

హర్ష బెంగళూరులో పని నేర్చుకొని వచ్చినవాడు. స్పానర్ తక్కువ పట్టుకుంటాడు, లాప్‌టాప్ ఎక్కువ పట్టుకుంటాడు. తుక్కు కింద కొన్న పెద్ద జీపు ఇంజన్ తెచ్చి పికప్‌లో దింపాడు. ఇంజన్‌లోకి గాలిని బలంగా ఊదే టర్బో కూడా పెద్దది బిగించాడు. ఎంత గాలికి ఎంత డీజిల్ పోయాలో ఇంజన్‌కు చెప్పేది ఒక చిన్న కంప్యూటర్ డబ్బా. దానికి కొత్త లెక్కలు ఎక్కించాడు. మిట్టమధ్యాహ్నం, తార్రోడ్డు కరిగే ఎండలో, ఖాళీ బండిని బైపాస్ మీద రెండు చుట్లు తిప్పి, “అన్నా, ఇది రాకెట్,” అన్నాడు.

వచ్చేదారిలో మీటర్ల పక్కన ఒక పసుపుపచ్చ దీపం వెలిగింది. మారెన్న ఫోన్ చేశాడు.

“అది అట్లే వస్తాంటాది, పట్టించుకోవద్దన్నా,” అన్నాడు హర్ష.

పట్టించుకోకుండా ఉండటం మా వాడికి చేతకాలేదు. రాత్రిపూట అది ఒంటికన్నులా చూస్తోందట. అందుకని దాని మీద నరసింహస్వామి స్టిక్కర్ అంటించాడు. దీపం రావడం మానలేదు, కనపడటం మానింది. సంసారంలోనూ వాడు సమస్యలు ఇలాగే తీరుస్తాడు.

ఎండాకాలం పోయింది, వానలు పోయాయి. నవంబర్‌లో చలి దిగింది.

ఆ శుక్రవారం చీకటి పడ్డాక మారెన్న ఒక్కడే బయల్దేరాడు. వెనక గడ్డి పరుపు మీద ఆరడుగుల ఆంజనేయస్వామి. ప్రతిష్ఠ రోజు దాకా విగ్రహం కళ్లు ఎవరూ చూడకూడదు కాబట్టి మొహానికి తెల్లగుడ్డ చుట్టారు.

కల్వర్టు దాటాడు. మిట్ట ఎక్కుతున్నాడు. పెద్ద ఇంజన్ కదా… యాక్సిలరేటర్ నేలకు తొక్కాడు. బండి హుషారుగా లేచింది… లేచింది…

బంకు దగ్గరికి రాగానే దాని గొంతు పడిపోయింది.

ఎవరో వెనక నుంచి పట్టి గుంజుతున్నట్టు… తొక్కినకొద్దీ నీరసపడుతూ… నడిచే మనిషి కన్నా మెల్లగా…

మారెన్న కిందికి చూశాడు. స్టిక్కర్‌లో నరసింహస్వామి కళ్లు వెలుగుతున్నాయి.

పక్కకు చూశాడు. జీవమ్మ బంకు. రేకు మీద కప్పిన టార్పాలిన్ పట్ట గాలికి లేస్తూ పడుతూ… లేస్తూ పడుతూ…

“అక్కా, రెక్కలు కొట్టినట్టుండె. సచ్చినాననుకున్యా,” అని మర్నాడు నాతో చెప్పాడు.

చావలేదు. బండి ఆపి, తాళం తీసి, దిగాడు. ముందు బంపరుకు దిష్టికి కట్టిన నిమ్మకాయను తెంపి, రాతి బల్ల మీద పెట్టి, “తప్పైంటే క్షమించు జీవమ్మా,” అని దండం పెట్టాడు. బండెక్కి తాళం తిప్పాడు.

స్వామి కళ్లు మామూలుగా ఉన్నాయి. బండి తుర్రుమని మిట్ట ఎక్కేసింది.

ఇంకేం కావాలి? బస్టాండుకు ఒక కథ దొరికింది.

తర్వాత బరువుతో పోయిన ప్రతి రాత్రీ అదే తంతు. బంకు దగ్గర బండి నీరసం, స్వామి కళ్లలో వెలుగు, బల్ల మీద నిమ్మకాయ, మళ్లీ తుర్రు. ఒక్కసారి కూడా నిమ్మకాయ వమ్ము కాలేదంటాడు. ఫోన్ల షాపులో పనిచేసే ఈశ్వర్ బైకు కూడా అక్కడే ఆగింది. పెట్రోల్ అయిపోయి ఆగింది. ఆ సంగతి వాడికి తెలుసు, వాడి బైకుకూ తెలుసు. చెప్పింది మాత్రం, “జీవమ్మ పెట్రోల్ తాగేసిందప్పా,” అని. ఇరవై ఏళ్లు టీ అమ్మిన మనిషికి పోయాక పెట్రోల్ రుచించిందట.

నిమ్మకాయలకు పసుపూ కుంకుమా తోడయ్యాయి. బతికినన్నాళ్లూ ఆదివారం చర్చి తప్పనామెకు.

ఈ నవ్వులాటలో నలిగిపోయింది ఆమె కూతురు రూతు. ఇంట్లో ఉన్న ఒక్క కుట్టుమిషన్ అమ్మేసి, గ్యాస్ స్టవ్వూ గిన్నెలూ కొని, ఆ నవంబర్ మొదట్లోనే అమ్మ బంకు తెరిచింది. ఆ దారిలో టీ బేరమంతా సాయంత్రమే. గుడి నుంచి తిరిగొచ్చే జీపులు, పొలాల నుంచి వచ్చే ఆటోలు. పొద్దుగూకితే ఒక్కటీ ఆగడంలేదు. కాచిన పాలు కాచినట్టే విరిగిపోతున్నాయి. పొద్దున వచ్చి చూస్తే బల్ల మీద నిమ్మకాయ.

డిసెంబర్ ఆఖర్లో మా ఇంటికి వచ్చింది. మారెన్న అన్నం తింటున్నాడు.

“అన్నా, ఒకటి అడుగుతా,” అంది గుమ్మంలో నుంచే. “బస్సులు పోతాండాయి. ట్రాక్టర్లు పోతాండాయి. చెరుకు లారీలు పోతాండాయి. మా యమ్మకు నీ బండి మీదనే యాల అంత ప్రేమ?”

మారెన్న ముద్ద గబగబా మింగాడు.

“అట్లనొద్దు రూతూ. ఆయమ్మ మంచిదే. నిమ్మకాయ పెడ్తే ఇడ్సిపెడ్తాది.”

“మా యమ్మ నిమ్మకాయ తీసుకొని బండ్లు వదిలే రకమా అన్నా? ఇరవై ఏండ్లు టీ తాగినావ్ ఆమె చేతిది.”

“నేను కండ్లారా చూస్తాండా కదమ్మా…”

“ఏం చూసినావ్?”

“స్వామి కండ్లు వెలుగుతాండాయి.”

“మా యమ్మను చూసినావా?”

మారెన్న నా వైపు చూశాడు. నేను పప్పు గిన్నె వైపు చూశాను. లైబ్రరీలో నేను చదివిన దెయ్యాలన్నిటికీ ఒక పగ ఉండేది, ఒక కారణం ఉండేది. అద్దెకు తిరిగే ఒక్క పికప్ మీద పగబట్టిన దెయ్యం ఏ పుస్తకంలోనూ తగల్లేదు.

“ఇంకో నెల చూస్తా అక్కా,” అంది రూతు నాతో. “బంకు ఎత్తేయాల్సిందే. మిషన్ గూడ లే ఇప్పుడు.”

ఆ రాత్రే హర్షకు ఫోన్ చేయించాను. బండి తెమ్మన్నాడు. పగలు తీసుకుపోతే, ఎండలో, ఖాళీ బండిని తిప్పి, “గాలి ఎక్కువైందని పాత ఎర్రర్ ఒకటి చూపిస్తాంది గానీ, ఇప్పుడైతే ఏం లేదన్నా,” అని పంపేశాడు. బరువుతో, రాత్రిపూట, ఆ మిట్ట మీదికే వచ్చి చూడమన్నాం.

“రాత్రి నాకు కుదరదక్కా…”

“యాల కుదరదు నాయనా?”

“ఆ మిట్ట సంగతి… నంద్యాల్లో గూడ చెప్పుకుంటాండారు.”

“చీకటంటే భయం నీకా, నీ లాప్‌టాప్‌కా?” అన్నాను. “లాప్‌టాప్‌కైతే దాన్ని ఇంట్లో పెట్టి నువ్వు రా. నీకైతే దాన్నొక్కదాన్నే పంపు.”

జనవరిలో ఒక సాయంత్రం వచ్చాడు. మెడలో కొత్త తాయెత్తు.

నేను బండిలో లేను. వెళ్లిన ముగ్గురూ మూడు రకాలుగా చెప్పారు. ముగ్గురి మాటా కలిసిన చోటునే రాస్తున్నాను.

వెనక రాతి నంది. కళ్లకు గంతలు. ముందు మారెన్న స్టీరింగ్ దగ్గర, నడుమ రూతు, కిటికీ వైపు హర్ష. ఒళ్లో లాప్‌టాప్, దాని నుంచి వైరు మీటర్ల కిందికి.

కల్వర్టు వచ్చింది.

మారెన్న యాక్సిలరేటర్ నేలకు తొక్కాడు.

లాప్‌టాప్ మీద టర్బో గాలి లెక్క చూపే గీత ఒకటి పైకి లేస్తోంది. ఇంకా పైకి… ఇంకా…

బంకు కనపడింది. చీకట్లో పట్ట… లేస్తూ పడుతూ…

బండి గొంతు పడిపోయింది.

“వచ్చింది,” అన్నాడు మారెన్న, పెదవులు కదలకుండా.

“ఎవురు?” అంది రూతు.

స్టిక్కర్‌లో స్వామి కళ్లు వెలిగాయి. పసుపుపచ్చగా. మారెన్న చేయి జేబులోని నిమ్మకాయ కోసం పోయింది. రూతు ఆ చేయి పట్టుకుంది. ఆమె వేళ్లు కూడా చల్లగానే ఉన్నాయట. వాడు అది ఇప్పటికీ చెబుతాడు.

హర్ష తల ఎత్తలేదు. పైకి పోయిన గీత గోడ మీంచి దూకినట్టు కిందపడింది. అతను దాన్నే చూస్తున్నాడు.

బండి పక్కన ఆపించి, ఇంజన్ మాత్రం ఆర్పనివ్వకుండా, “అన్నా,” అన్నాడు మెల్లగా, “ఆ స్టిక్కర్ వెనకాల ఏముంది?”

“స్వామి వెనకాల ఏముంటాదప్పా?”

“తీసి చూడు.”

మారెన్న కళ్లకు అద్దుకొని, అంచు పట్టి, మెల్లగా ఊడదీశాడు. స్వామి చేతిలోకి వచ్చాడు. వెలుగు అక్కడే ఉండిపోయింది. ఇంజన్ బొమ్మ ఆకారంలో… చిన్న పసుపుపచ్చ దీపం.

“దీన్ని పట్టించుకోవద్దని ఎవురు చెప్పినారు?” అన్నాడు హర్ష.

“నువ్వే.”

హర్ష కాసేపు తాయెత్తు సర్దుకున్నాడు.

తర్వాత చెప్పాడు. “మే నెలలో, ఎండలో, ఖాళీ బండికి లెక్క కట్టినా అన్నా. వేడిగాలి పల్చగ ఉంటాది. ఈడ చలిగాలి చిక్కగ ఉంది, వెనక రాయి, ముందర మిట్ట. నువ్వేమో నేలకు తొక్కిపెట్టినావ్. టర్బో నేను పెట్టిన హద్దు దాటి ఊదుతాంది. ఇంజన్ పగుల్తాదని కంప్యూటర్‌కు భయం. దీపమెలిగించి, ఇంజన్ గొంతు పట్టుకుంటాది.”

“మరి నిమ్మకాయ పెడితే యాల ఇడ్సిపెడ్తాది?”

“నిమ్మకాయ పెట్టేదానికి ముందు ఏం చేస్తావ్?”

“తాళం తీసి దిగుతా.”

“తాళం తీస్తే అది భయం మర్సిపోయి మళ్లా మొదటికొస్తాది. నువ్వు నిమ్మకాయ పెట్టినా, వంకాయ పెట్టినా అంతే.”

బయట పట్ట కొట్టుకుంటోంది.

“మా యమ్మ చెప్పింది గూడ అదే కదన్నా,” అంది రూతు. “తాళం తీసి దిగమని.”

మారెన్న మొహం పక్కకు తిప్పుకున్నాడు. హర్ష బ్యాగు సర్దబోతే మాత్రం రూతు ఊరుకోలేదు.

“యాడికి పోతాండావ్? లెక్క యాడ తప్పిందో ఆడనే దిద్దు.”

దెయ్యముందని ఇన్నాళ్లూ ఎవరూ అక్కడికి రాలేదు, లెక్క సరిచేయలేదు. లెక్క సరికాలేదని దెయ్యం అక్కడే ఉండిపోయింది. ఇద్దరు మగవాళ్లు కలిసి కూర్చుకున్న చక్రం అది. తిరగడానికి టర్బో కూడా అక్కర్లేదు.

హర్ష బంకు ముందు రాతి బల్ల మీద కూర్చున్నాడు. చలికీ బరువుకూ వేరే లెక్క కట్టి డబ్బాకు ఎక్కించాడు. బండిని కల్వర్టు దాకా కిందికి దింపి మళ్లీ ఎక్కించారు. దీపం వెలిగింది. మళ్లీ కూర్చున్నాడు. ఈసారి గాలి మరీ తగ్గించాడు. దీపం రాలేదు గానీ బండి మూలుగుతూ ఎక్కింది. “ఇది పాత ఇంజన్ కన్నా అధ్వాన్నం,” అన్నాడు మారెన్న. మళ్లీ కూర్చున్నాడు.

ఈలోపల చలికి వేళ్లు కొంకర్లు పోతుంటే రూతు స్టవ్వు వెలిగించింది. పాలు పొంగాయి. నంద్యాల నుంచి తాయెత్తు కట్టుకొని వచ్చిన పిల్లోడు దెయ్యం బంకులో మూడు టీలు తాగాడు.

సరిగ్గా అప్పుడే, షాపు మూసుకొని, ఆలస్యమై, ఈశ్వర్ బైకు మీద వచ్చాడు.

వాడికి కనపడింది ఇదీ. మిట్ట మీద మూసి ఉండాల్సిన బంకులో దీపం. తెల్లగా ఆవిరి. తలకు కొంగు కప్పుకొని గిన్నె తిప్పుతున్న ఆడమనిషి. బల్ల మీద మెడ వంచుకొని కూర్చున్న మనిషి… మొహమంతా నీలం వెలుగు. వెనక కళ్లకు గంతలు కట్టిన ఎద్దు.

వాడి బైకు తడబడింది.

రూతు బేరం పోనిచ్చే మనిషి కాదు. “తాళం తీసి రా అన్నా,” అంది, అచ్చం వాళ్లమ్మలా. “టీ తాగి పో.”

ఈశ్వర్ బైకును ఎట్లా తిప్పాడో ముగ్గురిలో ఎవరూ చూడలేదు. చెప్పు ఒకటి దొరికింది.

మర్నాడు బస్టాండంతా ఒకటే మాట. జీవమ్మ ఇప్పుడు టీ కూడా పోస్తాంది… తాగేది గూడ దెయ్యాలే… ఒకదానికి మొహం నీలం. మారెన్న ఆ మాట విని మధ్యాహ్నం మా ఇంటికి పరుగెత్తుకొచ్చాడు.

“అక్కా, నీలం మొహం దెయ్యమంట. మేము వచ్చేసినాక దిగిందేమో మిట్ట మీద…”

“రేయ్,” అన్నాను. “ఆడ టీ తాగిన దెయ్యాల్లో ఒకటి నువ్వేరా.”

వాడికి లెక్క చూసుకోవడానికి కాస్త సమయం పట్టింది. మంచినీళ్లడిగాడు.

ముందురాత్రి బండి చివరిసారి మిట్ట ఎక్కిన సంగతి చెప్పనేలేదు కదా. నేలకు తొక్కాడు. బంకు వచ్చింది, పట్ట కొట్టుకుంది, బంకు వెనకబడింది. నందిని మోసుకొని బండి గుడికి పోయే జీపులా మిట్ట మీదికి పోయింది. దీపం ఊసే లేదు. స్వామి స్టిక్కర్ ఇప్పుడు అద్దం పైన ఉంది. అక్కడ ఆయనకు దారి బాగా కనపడుతుందట.

ఈశ్వర్ పట్టపగలు చెప్పు కోసం వచ్చాడు. రూతు చెప్పు ఇచ్చి, టీ పోసి, నీలం మొహం కథ చెప్పింది. వాడు పదిమందిని వెంటేసుకొని మళ్లీ వచ్చాడు, తాను భయపడలేదని చూపించడానికి. ఆ పదిమందీ తలా నలుగురిని తెచ్చారు. దెయ్యం బంకులో టీ తాగామని చెప్పుకోవడం ఇప్పుడు ఆళ్లగడ్డ కుర్రాళ్లకు గొప్ప. రూతు ఒక బోర్డు కట్టింది. ‘జీవమ్మ టీ. ఇంజన్ ఆర్పి దిగవలెను.’ సాయంత్రం పాలు ఇప్పుడు చాలడంలేదు.

మారెన్న బండి ఇక అక్కడ ఆగాల్సిన పనిలేదు. అయినా బరువుతో పోయిన ప్రతి రాత్రీ ఆగుతాడు. తాళం తీస్తాడు. దిగుతాడు. ఎవరూ చెప్పలేదు.

మొన్న నేనూ వెళ్లాను వాడితో. చద్ది విప్పుకుంటే రూతు ఒక జాడీ తెచ్చి ఊరగాయ వడ్డించింది. మారెన్న రెండుసార్లు వేయించుకున్నాడు. వేళ్లు నాక్కున్నాడు.

“నిమ్మకాయ బలే ఊరింది రూతూ. కాయలు యాడ కొన్నావ్?”

“కొనలేదన్నా. నువ్వే తెచ్చిచ్చినావ్.”

మా తమ్ముడి దవడ ఆగిపోయింది. రాతి బల్ల వైపు చూశాడు. ఖాళీగా ఉంది. జాడీ వైపు చూశాడు. నిండుగా ఉంది. మింగాలో ఉమ్మాలో తెలియని ముద్ద నోట్లో పెట్టుకొని జీవమ్మ బంకు చుట్టూ ఒకసారి చూశాడు.

“పోయినోళ్ల సొమ్ము కాదులే, మింగు,” అంది రూతు. “మా యమ్మ ఒక్కటీ ముట్టలే.”

మింగాడు. ఇంకొంచెం వేయమన్నాడు.

జాడీ మూతికి కట్టిన తెల్లగుడ్డ మీద నీలం పెన్నుతో రాసిన తేదీ ఒకటుంది. మొదటి కాయ బల్ల మీద దొరికిన రోజు, శనివారం, 16-11-2024.